ఏడుపు సీన్‌లో సంగీతం ఎక్కడ మొదలైంది?

నమస్కారం అండి. ఒక కాగితం, పెన్సిలు, ఇయర్‌ఫోన్లు దగ్గర పెట్టుకుని కూర్చోండి. ఇయర్‌ఫోన్లు ఎందుకంటే, ఫోన్ స్పీకర్‌లో మంద్రంగా మోగే స్వరాలు సరిగ్గా పలకవు. ఈరోజు ఏడుపు సీన్ల వెనక మోగే సంగీతాన్ని చెవితో పట్టుకోవాలి, దానికి ఆ స్వరాలూ వినపడాలి.

నాకు పదేళ్లప్పుడు అమ్మమ్మ నన్ను విశాఖలో ఒక సెంటిమెంట్ సినిమాకి తీసుకెళ్లింది. తల్లి చనిపోయే సీన్ నడుస్తోంది. హాలంతా ముక్కులు ఎగబీలుస్తున్నారు. అమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సరిగ్గా అప్పుడు సౌండ్ పోయింది. బొమ్మ మాత్రం ఆడుతూనే ఉంది. నిమిషం తిరగకుండా ఏడుపులు ఆగిపోయాయి. పక్కావిడ పిల్లాడికి సంచిలోంచి జంతికలు తీసి పెట్టింది. తెర మీద అదే నటి, అవే కన్నీళ్లు. కాసేపటికి సౌండ్ వచ్చింది, వయొలిన్లు వినిపించాయి, అమ్మమ్మ కొంగు మళ్లీ పైకి లేచింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగాను, "మధ్యలో ఎందుకు ఏడవలేదు అమ్మమ్మా?" అని. "ఏమోనే తల్లీ, రాలేదు" అంది. ఆ రోజు నుంచి సినిమాల్లో నా చెవి అటే పోతోంది.

సీన్ వెనక మోగే ఈ నేపథ్య సంగీతాన్ని సినిమా వాళ్లు రీరికార్డింగ్ అంటారు, పొట్టిగా ఆర్ఆర్. పాటలు కట్టడం ఒక పని, ఇది ఇంకో పని. జాతీయ అవార్డుల్లో కూడా ఇప్పుడు రెండింటికీ విడివిడిగా ఇస్తున్నారు. 2021 సంవత్సరానికి పాటల అవార్డు 'పుష్ప'కి దేవిశ్రీ ప్రసాద్‌కి వచ్చింది, నేపథ్య సంగీతం అవార్డు 'ఆర్ఆర్ఆర్'కి కీరవాణికి వచ్చింది. పాటలు మనం బయట కూడా పాడుకుంటాం. ఆర్ఆర్ సీన్‌తోనే వచ్చి సీన్‌తోనే పోతుంది. అందుకే దాన్ని పట్టుకోవాలంటే కొంచెం సాధన కావాలి.

మొట్టమొదట వినాల్సింది రాగం కాదు, వాయిద్యం కాదు. సంగీతం ఎక్కడ మొదలైందో వినాలి. నా దృష్టిలో సెంటిమెంట్ సినిమాలో సంగీత దర్శకుడి గొప్పతనం సగం అక్కడే తేలిపోతుంది.

ఒక సీన్ ఊహించుకుందాం. మన వైజాగ్ రైల్వే స్టేషన్. ఇక్కడ చాలా రైళ్లు ఇంజిన్ మార్చుకుని, వచ్చిన దిక్కుకే తిరిగి బయలుదేరతాయని మీకు తెలుసు కదా. ఆ ఇరవై నిమిషాలు వీడ్కోలు చెప్పేవాళ్లకి చాలా కష్టం. మాటలు మొదటి ఐదు నిమిషాల్లోనే అయిపోతాయి. ఉద్యోగానికి దూరం వెళ్తున్న కూతురు కిటికీ దగ్గర కూర్చుంది. ప్లాట్‌ఫామ్ మీద నాన్న. "నీళ్ల బాటిల్ ఉందా అమ్మా?" "ఉంది నాన్నా." మళ్లీ మౌనం. కూత వేసి రైలు కదిలింది. నాన్న చెయ్యి ఊపాడు. బయటికొచ్చాడు. స్కూటర్ దగ్గర రెండు హెల్మెట్లు. ఒకటి తనది, ఒకటి కూతురిది.

ఇప్పుడు వీడియో ఆపి, సంగీతం ఎక్కడ మొదలవ్వాలో కాగితం మీద రాయండి.

చాలామంది రైలు కదిలినప్పుడు అంటారు. నేను ఒప్పుకోను. అక్కడ కూత ఉంది, చక్రాల చప్పుడు ఉంది, జనం కేకలు ఉన్నాయి. ఆ చప్పుళ్లే గుండె పిండేస్తాయి. దాని మీద ఇరవై వయొలిన్లు పోస్తే ప్రేక్షకుణ్ణి మెడ పట్టుకుని ఏడిపించినట్టు ఉంటుంది. నేనైతే స్టేషన్ అంతా సంగీతం లేకుండా వదిలేస్తాను. నాన్న చెయ్యి రెండో హెల్మెట్‌కి తగిలాక ఒక్క వయొలిన్, ఒకే ఒక్క స్వరం.

తగిలాక అన్నాను, తగలక ముందు కాదు. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు, అంటే 24 బొమ్మలు. అర సెకను అంటే 12 ఫ్రేములు. ఆ 12 ఫ్రేములు ముందుగా వయొలిన్ మొదలైతే, నాన్నకి తెలియకముందే మనకి తెలిసిపోతుంది. అప్పుడు ఆయన్ని బయటినుంచి చూసి జాలిపడతాం. 12 ఫ్రేములు తర్వాత వస్తే, ఆ ఖాళీ ఆయనకి తట్టిన క్షణంలోనే మనకీ తడుతుంది. రెండూ పనికొచ్చే పద్ధతులే. దర్శకుడికి ఏది కావాలన్నదే ప్రశ్న.

ఇంకొక మాట, ఒక్క వయొలిన్ అని ఎందుకన్నానంటే, ఒంటరి వాయిద్యం ఒక మనిషి గొంతులా ఉంటుంది. పదిమంది కలిసి వాయిస్తే ఊరు ఊరంతా బాధపడుతున్నట్టు ఉంటుంది. స్కూటర్ పక్కన ఉన్నది ఒక్కడే మనిషి.

సరే, ఇప్పుడు కీబోర్డు దగ్గరికి వస్తున్నాను. మీ ఇంట్లో ఉంటే మీరూ నొక్కండి, ఫోన్‌లో పియానో యాప్ అయినా చాలు.

(కీబోర్డు మీద వాయిస్తూ) సి, డి, ఇ, జి, ఏ. స రి గ ప ద. ఇది మోహన రాగం. అన్నీ తెల్ల మెట్లే. సినిమా మొదట్లో ఆ నాన్న తన చిన్నారి కూతుర్ని స్కూటర్ ముందు నిలబెట్టుకుని బీచ్ రోడ్డులో తిప్పుతున్నాడనుకోండి. ఎండ, గాలి, పాప నవ్వు. దానికి ఈ చిన్న వరస పెట్టాను. గ ప గ రి స. వినండి.

ఇప్పుడు నాలుగు స్వరాలు అలాగే ఉంచి, గాంధారం, అంటే గ, ఒక్కటే మారుస్తాను. ఇ వదిలేసి, దానికి ఎడమ పక్కనున్న నల్ల మెట్టు. పై గ, అంటే అంతర గాంధారం పోయి, ఒక మెట్టు కింది గ, అంటే సాధారణ గాంధారం వచ్చింది. రాగం శివరంజని అయింది. అదే వరస, నిదానంగా. గ ప గ రి స.

(కాసేపు ఆగి) మళ్లీ ఒకసారి వాయిస్తాను.

ఇన్నేళ్లయినా ఇది వాయించినప్పుడల్లా నా ఒళ్లు జలదరిస్తుంది. హెల్మెట్ దగ్గర ఈ వరస వస్తే, చాలామందికి ఇది బీచ్ రోడ్డు ట్యూన్ అని గుర్తు రాదు. కానీ చెవికి గుర్తుంటుంది. పోయిన రోజుల్ని ఎవరూ మాటల్లో చెప్పకుండానే అవి వచ్చి స్కూటర్ పక్కన నిలబడతాయి. ఒక ట్యూన్ మొదట సంతోషంలో వినిపించి, తర్వాత మారి తిరిగి రావడం మంచి సెంటిమెంట్ సినిమాల్లో తరచూ ఉంటుంది. మీరు వినాల్సిన రెండో విషయం అదే.

మూడోది త్వరగా చెప్పేస్తాను. మాటలు నడుస్తున్నప్పుడు సంగీతం ఏం చేస్తోందో వినండి. వయొలిన్, వేణువు గొంతుకి పోటీ వస్తాయి కాబట్టి, తెలిసినవాళ్లు మాటల కింద సాగదీసిన మంద్ర స్వరాలే ఉంచుతారు. మాట ఆగిన సందులో ట్యూన్ పైకి వస్తుంది.

ఇక సాధన. మీకు బాగా ఏడుపొచ్చే సీన్ ఒకటి ఎంచుకోండి. మూడు నిమిషాలు మించొద్దు. మొదట సౌండ్ తీసేసి చూడండి. తర్వాత కళ్లు మూసుకుని వినండి. మూడోసారి రెండూ కలిపి, సంగీతం మొదలైన సెకను, ఆగిన సెకను రాయండి. ఆ సెకన్లో తెర మీద ఏముందో పక్కన రాయండి. మొహమా, చెయ్యా, వస్తువా, ఖాళీ గదా? ఆగిన చోటు కూడా తప్పకుండా రాయండి, దాన్ని అందరూ వదిలేస్తారు.

మన ఊరివాళ్లకి ఇంకో పని కూడా ఇస్తాను. భీమిలి తీరంలో నేను ఒకసారి ఫోన్‌లో తంబురా శ్రుతి పెట్టి చూశాను. అలల హోరులో పూర్తిగా మునిగిపోయింది. వేణువు తారస్థాయిలో, అంటే బాగా పై స్వరాల్లో పెడితే నిలబడింది. సముద్రం పక్కన తీసిన సీన్‌కి ఆర్ఆర్ చేసేవాళ్లకి ఇది నిజమైన సమస్య. అలల్ని తగ్గించాలి, లేదా అలల పైన నిలబడే వాయిద్యం వెతకాలి, లేదా అలలకే వదిలేయాలి.

1978లో వచ్చిన 'మరో చరిత్ర' మన విశాఖ, భీమిలి చుట్టుపక్కల తీసిన సినిమా. దర్శకుడు బాలచందర్, సంగీతం ఎం.ఎస్. విశ్వనాథన్. బ్లాక్ అండ్ వైట్ కాబట్టి రంగులు మనసుని లాగవు, చెవికి పని ఎక్కువ. సముద్రం కనిపించే సీన్లు ఒక్కొక్కటే తీసుకుని, ఎక్కడ అలలు ఉన్నాయి, ఎక్కడ వాద్యాలు ఉన్నాయి, ఎక్కడ రెండూ లేవు అని మూడు గడులు గీసుకుని నింపండి. వచ్చే వీడియోలో నా కాగితం చూపిస్తాను, మీది పక్కన పెట్టుకుని పోల్చుకుందాం.