కటాఫ్ ఎంత పెట్టాలి? ఉద్యోగాల్లో మానసిక పరీక్షలపై ఫోన్-ఇన్

నిర్వాహకురాలు: నమస్కారం. ఉద్యోగుల ఎంపికలో మానసిక పరీక్షలు ఎలా నేర్చుకోవాలి, ఎలా వాడాలి అన్నది ఈ రోజు విషయం. సంస్థల్లో పనిచేసిన మనస్తత్వ నిపుణురాలు మనతో ఉన్నారు. పటాన్‌చెరు నుంచి మొదటి ఫోను. చెప్పండి.

శ్రోత: నమస్కారమండి. వినిపిస్తోందా? మేడమ్, మాది మందుల కంపెనీ. పదకొండేళ్లుగా హాజరు, జీతాలు చూస్తున్నాను. ఈ మధ్యే ఈ పని అప్పగించారు. మూడు సూపర్‌వైజర్ పోస్టులకు పద్దెనిమిది మంది పోటీ. నన్ను రెండు రోజుల శిక్షణకు పంపారు, సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. తిరిగి వచ్చి రీజనింగ్ టెస్టు పెట్టాను. కటాఫ్ ఎంత పెట్టాలి?

నిపుణురాలు: టెస్టుతో వచ్చిన మాన్యువల్ చదివారా?

శ్రోత: శిక్షణలో చూపించారండి.

నిపుణురాలు: మీరు చదివారా అని అడుగుతున్నాను. అందులో నార్మ్స్ పట్టిక, అంటే మార్కులను పోల్చి చూసే పట్టిక ఉంటుంది. ఎవరి మార్కులతో పోల్చి ఆ పట్టిక తయారుచేశారు?

శ్రోత: పట్టభద్రులని ఉందండి. మావాళ్లలో సగం మంది ఐటీఐ, ఇంటర్ చదివినవాళ్లు. ప్రశ్నలేమో ఇంగ్లీషులో. ఒకాయన ఇరవై ఏళ్లుగా లైను మీద ఉన్నాడు, మిషను చప్పుడు వినే తేడా చెప్పేస్తాడు. ఆయనకు పర్సెంటైల్ 30 వచ్చింది. నూటికి ముప్పై మార్కులేనా అని మా మేనేజరు...

నిపుణురాలు: ఆగండి. పర్సెంటైల్ 30 అంటే మార్కులు కావు. పోల్చిన గుంపులో సుమారు 30 శాతం మంది కంటే ఆయన మెరుగ్గా చేశాడని. ఆ గుంపంతా డిగ్రీ చదివినవాళ్లే! ఆయన ఇంగ్లీషు చదివే వేగాన్ని కొలిచి, దాన్ని ఆలోచనాశక్తి అని రాసిచ్చారు. ఆ ఫలితాలు ఎక్కడున్నాయి?

శ్రోత: నోటీసు బోర్డు మీద పెట్టామండి.

నిపుణురాలు: తీసేయండి. ఈ రోజే తీసేయండి. మానసిక పరీక్ష ఫలితం ఆ మనిషికి విడిగా కూర్చోబెట్టి చెప్పాల్సినది.

శ్రోత: అలాగేనండి. అయితే కటాఫ్ 40 పెట్టమంటారా?

నిపుణురాలు: అయ్యా, ఆ అంకె కోసం నన్ను అడగకండి. ఏ స్కోరులోనైనా కొంత పొరపాటు కలిసే ఉంటుంది. టి-స్కోరునే తీసుకోండి, అంటే మార్కులను పోల్చిన గుంపు సగటుతో సరిచూసి మార్చిన స్కోరు. సగటు 50, ప్రామాణిక విచలనం, అంటే సగటు చుట్టూ స్కోర్లు ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత, 10. టెస్టు విశ్వసనీయత, అంటే కొలత ఎంత నిలకడగా ఉందో ఒకటికి లెక్కేసి చెప్పేది, 0.84 ఉందనుకుందాం, అది మంచిదే. అయినా స్కోరు అటూ ఇటూ 4 పాయింట్లు ఊగుతుంది. 48 వచ్చినవాణ్ని పక్కన పెట్టి 51 వచ్చినవాణ్ని తీసుకుంటే, లేని తేడాను ఉన్నట్టు చూపించినట్టే. మాన్యువల్ చదవండి అని నేను పదే పదే చెప్పేది ఇందుకే.

శ్రోత: మరి ఎలా ఎంచాలండి?

నిపుణురాలు: సూపర్‌వైజర్ రోజంతా ఏం చేస్తాడో ముందు రాయండి. షిఫ్టు అప్పగింత, బ్యాచ్ రికార్డు, రాత్రిపూట మిషను ఆగితే ఎవరికి చెప్పాలి. అలాంటి సందర్భం ఒకటి తెలుగులో ఇచ్చి, ఏం చేస్తారో అడగండి. అందరికీ ఒకే ప్రశ్నలు, ముందే రాసుకున్న మార్కుల పద్ధతి. టెస్టు వాటి పక్కన ఒక ఆధారంగా ఉండాలి, అంతే.

నిర్వాహకురాలు: ధన్యవాదాలండి. కాజీపేట నుంచి ఒకరు.

శ్రోత: అమ్మా, మా అబ్బాయికి రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ ఆప్టిట్యూడ్ టెస్టు ఉంది. 42 వస్తే చాలంటున్నారు, నిజమేనా?

నిపుణురాలు: అది కూడా టి-స్కోరే తల్లీ, 42 మార్కులు కావు. బ్యాటరీలోని, అంటే ఆ టెస్టుల సమూహంలోని ప్రతి టెస్టులోనూ విడివిడిగా 42 రావాలి. జ్ఞాపకశక్తిలో ఎక్కువొచ్చినా ఏకాగ్రతలో తగ్గితే కుదరదు. ఇంజను నడిపేవాడికి రెండూ కావాలి కదా. ఏ వర్గానికీ సడలింపు లేదు. ముందు రోజు రాత్రి బాగా నిద్రపోనివ్వండి.

నిర్వాహకురాలు: తిరుపతి నుంచి విద్యార్థిని.

శ్రోత: మేడమ్, ఎం.ఎ. సైకాలజీ చదువుతున్నాను. మనుషుల వ్యక్తిత్వాన్ని రకాలుగా విడదీసే ఎంబీటీఐ పరీక్ష నేర్చుకుంటే ఉద్యోగాల ఎంపికలో పనికొస్తుందా?

నిపుణురాలు: ఎంపికకు వాడవద్దని దాన్ని ప్రచురించేవాళ్లే చెబుతారమ్మా. ముందు గణాంకాలు గట్టిగా నేర్చుకో. బ్రిటన్‌లో సైకలాజికల్ సొసైటీ సామర్థ్య పరీక్షలకు ఒక అర్హత, వ్యక్తిత్వ పరీక్షలకు మరొకటి ఇస్తుంది. రెండూ వేరు వేరు నైపుణ్యాలని గుర్తించారు. నువ్వు ఎవరికైనా పెట్టే ముందు ఆ పరీక్ష నువ్వే రాయి. నీ రిపోర్టు ఇంకొకరు చదివి చెబుతుంటే ఎలా ఉంటుందో...

నిర్వాహకురాలు: క్షమించండి మేడమ్, లైను తెగింది. పటాన్‌చెరు శ్రోత మళ్లీ వచ్చారు. త్వరగా చెప్పండి.

శ్రోత: మేడమ్, అదే టెస్టును నేనే తెలుగులోకి మార్చి మళ్లీ పెట్టి, కటాఫ్ 40...

నిపుణురాలు: వద్దండి. మాట మారితే ప్రశ్న కష్టం మారుతుంది, పాత నార్మ్స్ దానికి సరిపోవు. పైగా వాళ్లు ఒకసారి రాసేశారు, ఆ అలవాటుతోనే స్కోరు పెరుగుతుంది. ప్రచురణకర్తల అనుమతీ కావాలి. ముందు ఆ పెద్దాయనను పిలిచి మాట్లాడండి. ఆ అంకె ఆయన పనితనం గురించి చెప్పేది కాదని మీ నోటితో చెప్పండి.

శ్రోత: రేపు ఆయనది మొదటి షిఫ్టేనండి. ఉదయాన్నే చెబుతాను.

నిర్వాహకురాలు: ధన్యవాదాలు. సమయం అయిపోయింది. వార్తల తర్వాత కలుద్దాం.