చుట్టూ సముద్రమే, అయినా వాన లేదు

అందరికీ నమస్కారం.

వస్తూ వస్తూ టవర్ క్లాక్ దగ్గర అంగట్లో ఈ పామాయిల్ ప్యాకెట్ కొనుక్కొచ్చాను. శెనక్కాయ పండించే అనంతపురంలో పామాయిల్ పట్టుకొచ్చాడేందని కోప్పడకండి. మన హోటళ్లలో బోండాలు ఎందులో వేగుతున్నాయో అందరికీ తెలుసు. ఈ నూనెను ప్రపంచంలో అందరికన్నా ఎక్కువగా తీసేది ఇండోనేషియా. ఈరోజు మాట ఆ దీవుల గురించే.

చిన్నాచితకా కలిపి 17 వేలకు పైగా దీవులు. పడమట సుమత్రా కొస నుంచి తూర్పున పాపువా సరిహద్దు దాకా 5,000 కిలోమీటర్లకు పైమాటే. జకార్తాలో ఉదయం ఆరైతే పాపువాలో అప్పటికే ఎనిమిది. 1883లో పేలిన క్రకటోవా లాంటి అగ్నిపర్వతాల జోలికి ఈరోజు పోను. నా ధ్యాసంతా వాన మీదే. అనంతపురంలో పుట్టినోడికి ఇంకేముంటుంది?

ఆయిల్ పామ్ చెట్టుకు నెలనెలా వాన కావాలి. సుమత్రా, బోర్నియో రెండింటి మీదుగానూ భూమధ్యరేఖ పోతుంది, చుట్టూ వెచ్చటి సముద్రం. పొద్దున ఎండ, మధ్యాహ్నానికి మబ్బు, సాయంత్రం వాన. జావాలో బోగోర్‌ను 'వానల ఊరు' అనే పిలుస్తారు. ఏడాదికి సుమారు 4,000 మిల్లీమీటర్లు పడుతుంది. మనకు 550, అటూ ఇటూ. మనం ఏడేళ్లు ఎదురుచూసే వాన వాళ్లకు ఒక్క ఏట!

దీవి అన్నాక వాన పడక ఎక్కడికి పోతుందిలే అని నేనూ అనుకునేవాణ్ణి. మ్యాపులో జావా దాటి తూర్పుకు వేలు జరపండి. సుంబా, తిమోర్, రోటే. అక్కడ ఏడెనిమిది నెలలు వాన ముఖమే ఉండదు. ఎండిన గడ్డి కొండలు, కొండ దిగితే సముద్రం. తప్పు గాలిది. మే నుంచి అక్టోబరు దాకా అది ఆస్ట్రేలియా ఎండు నేలల మీదుగా వీస్తుంది. మధ్యలో ఉన్న కాస్త సముద్రం దాని దాహానికి చాలదు.

మన కథా గాలిదే కదా. ముంగారు మబ్బు, అంటే నైరుతి రుతుపవనం, పడమటి కనుమల అవతలే కుమ్మరించి వస్తుంది. హింగారు, అంటే ఈశాన్య రుతుపవనం, కోస్తాలో దించగా మిగిలింది తెస్తుంది. విత్తనకాయలు ఒలిచి మూటగట్టి, పదును వాన కోసం అరుగు మీద కూర్చుని ఆకాశం చూసిన రోజులు ఇక్కడ చాలామందికి గుర్తుంటాయి.

రోటే వాళ్లకు తరతరాలుగా తాటిచెట్టే దిక్కు. మన తాటిచెట్టే, అదే జాతి. లొంటార్ అంటారు. పొద్దునా సాయంత్రం చెట్టెక్కి, గెల కొస చెక్కి, రసం దించుతారు. తాగినంత తాగి, మిగిలింది చిక్కగా కాచి కుండల్లో దాస్తారు. గింజలు నిండుకున్న నెలల్లో ఆ పాకం నీళ్లలో కలుపుకుని తాగడమే తిండి. ఆకుతో ఇంటికి కప్పు, నీళ్లు చేదుకునే బొక్కెన, ఆఖరికి సాసాండో అనే తీగల వాద్యం కూడా.

అంత చేసినా, మనవాళ్లు బెంగళూరు బస్సు ఎక్కినట్టే వాళ్లూ పడవెక్కి తిమోర్‌లోని కుపాంగ్‌కు చేరారు.

మ్యాపు బల్ల మీదే ఉంచుతున్నా. తిమోర్‌కు నైరుతి కొసన చిన్న చుక్క, అదే రోటే. కళ్లజోడు ఉన్నవాళ్లు ముందు రండి.