వినికిడి యంత్రం: ఏది అలవాటు కావాలి, ఏది సరిచేయించుకోవాలి?

నమస్కారం. "యంత్రం కొనిపెట్టాము, రెండు రోజులు పెట్టుకున్నారు, అంతా గోలగా ఉందని తీసి సొరుగులో పడేశారు" అన్న మాట వినికిడి యంత్రాల ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఆ వెంటనే మరొకరు "అవి అంతే, అందరికీ పడవు" అని తీర్పు చెప్పేస్తారు. నాకు చిరాకు తెప్పించేది ఈ తీర్పే. కళ్ళజోడు పెట్టుకున్న క్షణంలోనే అక్షరాలు తేటపడతాయి కనుక, వినికిడి యంత్రం కూడా పెట్టుకున్న క్షణంలోనే మాటలను తేటపరచాలని మనం ఆశిస్తాము. అలా జరగకపోతే తప్పు యంత్రానిదనో, పెట్టుకున్న మనిషి ఓపికలేనితనమనో అనుకుంటాము. నిజానికి మొదటి వారాల ఇబ్బందుల్లో కొన్ని వాడుతూ ఉంటే వాటంతట అవే తగ్గిపోతాయి. మరికొన్ని ఎంత ఓర్చుకున్నా తగ్గవు, వాటిని ఆడియాలజిస్టు చేత, అంటే వినికిడిని పరీక్షించి యంత్రాన్ని అమర్చే నిపుణుల చేత, సరిచేయించుకోవలసిందే. తగ్గిపోయేవాటికి భయపడి యంత్రాన్ని తీసేయడం, సరిచేయించుకోవలసినవాటిని "అలవాటవుతుందిలే" అని భరిస్తూ కూర్చోవడం, ఈ రెండింటి వల్లనే చాలా యంత్రాలు సొరుగుల పాలవుతున్నాయి.

(తెరపై నాలుగు మాటలు: కాలు, పాలు, చాలు, తాలు)

ఈ నాలుగు మాటలనూ ఒకసారి పైకి పలికి చూడండి. నాలుగింటిలోనూ దీర్ఘంగా, బిగ్గరగా వినిపించే భాగం ఒక్కటే: "ఆలు". మాటకు బలాన్నిచ్చేది ఆ అచ్చు. అది ఎక్కువగా తక్కువ పౌనఃపున్యాలలో, అంటే మంద్ర ధ్వనులలో ఉంటుంది. కానీ ఇది కాలా, పాలా, చాలా, తాలా అని తేల్చేది మొదట వచ్చే హల్లు. అది క్షణకాలం మాత్రమే ఉంటుంది, బలహీనంగా ఉంటుంది, దానిని గుర్తుపట్టడానికి కావలసిన ఆనవాళ్ళు చాలావరకు 2000 హెర్ట్జ్‌కు పైన ఉంటాయి. వయసు వల్ల వచ్చే వినికిడి లోపం సాధారణంగా మొదట దెబ్బతీసేది కూడా ఆ పై భాగాన్నే.

కారణం చెవి నిర్మాణంలోనే ఉంది. నత్తగుల్లలా చుట్టుకొని ఉండే కర్ణావర్తంలో, అంటే కాక్లియాలో, పుట్టుకతో సుమారు 15,000 రోమకణాలు ఉంటాయి. దాని మొదలులో ఉన్న కణాలు కీచు ధ్వనులను, కొసలో ఉన్నవి మంద్ర ధ్వనులను అందుకుంటాయి. వయసు వల్ల గానీ, ఏళ్ళ తరబడి విన్న పెద్ద శబ్దాల వల్ల గానీ మొదలులోని కణాలే ముందుగా నశిస్తాయి, మనుషుల్లో అవి మళ్ళీ మొలవవు. అందుచేత "నాకు వినిపిస్తూనే ఉంది, మీరే నములుతూ మాట్లాడుతున్నారు" అని విసుక్కునే పెద్దవారు అబద్ధమాడడం లేదు. వారికి "ఆలు" నిక్షేపంగా వినిపిస్తోంది. దాని ముందున్న హల్లు మాత్రమే అందడం లేదు. సందర్భాన్ని బట్టి మెదడు ఆ ఖాళీని పూరించుకుంటుంది: గ్లాసు ప్రస్తావన ఉంటే పాలు, మెట్ల ప్రస్తావన ఉంటే కాలు. రోజంతా ఇలా ఊహించుకుంటూ వినడం వల్లనే, ఏ పనీ చేయకపోయినా సాయంత్రానికి అలసట వస్తుంది.

ఇక్కడ ఇంట్లోవారికి ఒక మాట చెప్పాలి. వినిపించడం లేదని మీరు అరిచినప్పుడు బలం పుంజుకునేది ప్రధానంగా అచ్చే. హల్లు అంతగా పెరగదు. అంటే ఎదుటివారికి ఇదివరకే వినిపిస్తున్న "ఆలు" ఇప్పుడు చెవులు అదిరేలా వినిపిస్తుంది, కావలసిన "పా" లోని హల్లు మాత్రం దాదాపుగా ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. పైగా అరిచే ముఖం కోపంగా కనిపిస్తుంది. దగ్గరకు వచ్చి, ముఖం కనిపించేలా, కాస్త నెమ్మదిగా మాట్లాడడం అరుపు కంటే ఎన్నో రెట్లు మేలు.

(తెరపై ఆడియోగ్రామ్: కుడివైపుకు జారిపోతున్న గీత)

ఇప్పుడు పరీక్ష సంగతి చూద్దాము. వినికిడి పరీక్ష ఫలితాన్ని గీతగా చూపే పటమే ఆడియోగ్రామ్. అందులో అడ్డంగా ఉండేవి పౌనఃపున్యాలు, సాధారణంగా 250 నుంచి 8000 హెర్ట్జ్ వరకు. నిలువుగా ఉండేవి డెసిబెల్స్, కిందికి పోయేకొద్దీ లోపం ఎక్కువ అని అర్థం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నాటి వర్గీకరణ ప్రకారం, మెరుగైన చెవిలో 20 డెసిబెల్స్ కంటే తక్కువ స్థాయి సాధారణం, 20 నుంచి 35 లోపు స్వల్పం, 35 నుంచి 50 లోపు మధ్యస్థం, ఆపైన తీవ్రత పెరుగుతూ పోతుంది. దయచేసి ఈ డెసిబెల్స్‌ను శాతాలుగా చదవకండి. "నలభై డెసిబెల్స్ వచ్చింది కాబట్టి నలభై శాతం పోయింది" అనడం పూర్తిగా తప్పు, ఎందుకంటే డెసిబెల్ లెక్క అలా సమాన మెట్లతో సాగేది కాదు. ఆ ఒక్క అంకె కంటే గీత ఆకారం ఎక్కువ విషయం చెబుతుంది. గీత కుడివైపున కిందికి జారిపోతే, మన నాలుగు మాటలూ ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయన్నమాట. మాటలు వినిపించి తిరిగి చెప్పించే పరీక్ష కూడా చేయించుకోండి. మాట ఎంతవరకు తేటగా అందుతోందో బీప్ శబ్దాల పరీక్ష ఒక్కటే చెప్పలేదు.

అయితే అన్ని శబ్దాలనూ ఒకే మోతాదులో పెంచేస్తే సరిపోదా? సరిపోదు. నెమ్మదైన ధ్వని వినిపించే హద్దు పైకి జరిగింది గానీ, పెద్ద ధ్వని బాధపెట్టే హద్దు దాదాపుగా పాత చోటనే ఉంది. సుమారు 100 డెసిబెల్స్ దగ్గర చెవికి బాధ కలుగుతుందనుకుంటే, యాభై డెసిబెల్స్ లోపం ఉన్నవారికి ఇదివరకు సున్నా నుంచి నూరు వరకు పరుచుకున్న లోకమంతా ఇప్పుడు యాభై నుంచి నూరు మధ్యలో ఇరుక్కోవాలి. అందుకే మంచి యంత్రం గుసగుసను బాగా పెంచి, మామూలు మాటను కొంత పెంచి, పెద్ద శబ్దాన్ని దాదాపుగా ఉన్నదున్నట్లు వదిలేస్తుంది. శబ్దం మొత్తాన్ని ఒకే రీతిన పెంచే చవక యాంప్లిఫయర్‌ను చెవిలో పెట్టుకొని "వినికిడి యంత్రాలు నాకు పడవు" అనడం న్యాయం కాదు.

ఏ పౌనఃపున్యాన్ని ఎంత పెంచాలో లెక్కగట్టడానికి ఆస్ట్రేలియాలోని నేషనల్ అకౌస్టిక్ లేబొరేటరీస్ రూపొందించిన ఎన్‌ఏఎల్-ఎన్‌ఎల్2 వంటి సూత్రాలు ఉన్నాయి. కానీ చెవి నాళం పొడవూ వెడల్పూ మనిషి మనిషికీ మారుతుంది కనుక, కంప్యూటర్ తెర మీద కనిపించే లెక్క మీ కర్ణభేరి వద్దకు చేరే ధ్వనితో సరిపోతుందన్న హామీ లేదు. ఒక సన్నని గొట్టాన్ని కర్ణభేరి సమీపం వరకు ఉంచి, యంత్రం పెట్టి ఉండగానే లోపలి ధ్వనిని కొలిచే పద్ధతి ఒకటుంది. దానిని రియల్ ఇయర్ మెజర్‌మెంట్ అంటారు. యంత్రం కొనేముందు "ఆ కొలత మీరు చేస్తారా?" అని అడగండి. నా దృష్టిలో ఏ కంపెనీ యంత్రం, ఎన్ని ఛానెళ్ళు అన్న ప్రశ్నల కంటే ఇది ముఖ్యమైన ప్రశ్న.

సరే, యంత్రం చెవిలో పెట్టారు. మొదటి గంటలో మీకు కాలు, పాలు విడివిడిగా వినిపించకపోవచ్చు. కాగితం చప్పుడు, కుళాయి ధార, ఫ్యాను రొద, మీ చెప్పుల అడుగులు మాత్రం తప్పకుండా వినిపిస్తాయి. "గోల" అంటే ఇదే. ఇవన్నీ పక్కవారికి ఎప్పుడూ వినిపిస్తూనే ఉన్నాయి, వారి మెదడు వాటిని లెక్కచేయడం మానేసింది. మీ మెదడుకు ఏళ్ళ తరబడి కీచు ధ్వనులు సరిగా చేరలేదు. ఇప్పుడు అవన్నీ ఒక్కసారిగా వచ్చిపడేసరికి, ఏది పట్టించుకోవాలో, ఏది వదిలేయాలో దానికి తెలియడం లేదు. ఫ్యాను రొద, "పా" లోని హల్లు రెండూ దానికి సమానంగా కొత్తవే. వాటిని వేరు చేయడం అది మళ్ళీ నేర్చుకోవాలంటే ఆ ధ్వనులు రోజూ, గంటల తరబడి అందాలి. ముఖ్యమైనవారు వచ్చినప్పుడు మాత్రమే పెట్టుకునేవారికి ప్రతిసారీ మొదటి రోజే. ఇలా సర్దుకోవడానికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు పడుతుంది. చాలామంది ఆడియాలజిస్టులు మొదట కొంత తక్కువ మోతాదుతో ప్రారంభించి క్రమంగా పెంచేది ఇందుకే.

సొంత గొంతు డబ్బాలో నుంచి వస్తున్నట్లు మోగడం మరో ఫిర్యాదు. దీనిలో రెండు కారణాలు కలిసి ఉంటాయి. మాట్లాడేటప్పుడు మీ గొంతు కంపనాలు ఎముకల ద్వారా చెవి నాళంలోకి చేరి, నాళం తెరిచి ఉంటే బయటికి పోతాయి. దానిని మూసేస్తే మంద్ర ధ్వనులు లోపలే చిక్కుకొని మోగుతాయి. మీరు చెవిని వేలితో మూసుకొని "పాలు" అని చూడండి, తెలుస్తుంది. ఇది అలవాటుతో పోయేది కాదు. తక్కువ పౌనఃపున్యాలలో వినికిడి బాగున్నవారికి రంధ్రాలున్న డోము (చెవి నాళంలో కూర్చునే మెత్తని తొడుగు) గానీ, పెద్ద గాలి రంధ్రం ఉన్న, చెవి కొలతకు పోతపోసిన అచ్చు గానీ పెడితే చాలావరకు తగ్గుతుంది. ఇక రెండో కారణం, మీ గొంతు మైకు గుండా మీకే తిరిగి వినిపించడం. ఇది వాడకంతో పలచబడుతుంది. రోజూ కాసేపు వార్తాపత్రికను పైకి చదవడం దీనికి మంచి సాధన.

(తెరపై రెండు గడులు: "వేచి చూడండి", "వెంటనే చెప్పండి")

వేచి చూడవలసినవి: చుట్టుపక్కల చిన్న శబ్దాలు కొట్టొచ్చినట్లు వినిపించడం, మాటలు కాస్త పదునుగా, లోహపు రణనంతో వినిపించడం, చెవిలో ఏదో ఉందన్న స్పృహ. వెంటనే చెప్పవలసినవి: చెవిలో నొప్పి లేదా పుండు, పాత్ర కిందపడితే బాధ కలిగేంత శబ్దం, ఆగకుండా వచ్చే ఈల, ఒక చెవిలో మాత్రమే నెమ్మదిగా వినిపించడం. ఈల వచ్చిందంటే బయటికి తప్పించుకున్న ధ్వని మళ్ళీ మైకులోకి దూరుతోందని అర్థం. డోము చెవిలో సరిగా కూర్చోకపోవడమో, కొలత సరిపోకపోవడమో, నాళంలో గుబిలి పేరుకోవడమో కారణం కావచ్చు. తిరిగి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు "బాగా లేదు" అంటే ఆడియాలజిస్టు ఏమీ చేయలేరు. "టీవీలో ఆడవారి మాటలు అందడం లేదు", "పాలు అంటే చాలు అని వినిపిస్తోంది", "గిన్నెల చప్పుడు గుచ్చుకుంటోంది" అని రాసుకొని వెళితే, ఏ భాగాన్ని పెంచాలో, ఏ భాగాన్ని తగ్గించాలో వారికి దారి దొరుకుతుంది.

సాధన క్రమం సులువైనదే: మొదట నిశ్శబ్దమైన గదిలో ఒక్కరితో సంభాషణ, ఆ తరువాత ఇద్దరు ముగ్గురితో, ఆ తరువాతే జనసమూహం. మొదటి రోజే యంత్రంతో పెద్ద వేడుకకు వెళ్ళడం కోరి కష్టం తెచ్చుకోవడమే. అనుభవజ్ఞులకు కూడా జనం మధ్య వినడమే అన్నిటికంటే కష్టం, ఎందుకంటే అక్కడ మీ "పాలు"ను కప్పేసేది ఫ్యాను కాదు, ఇతరుల మాటలే. ఎదురుగా ఉన్న ధ్వనికి ప్రాధాన్యమిచ్చే మైకులు కొంతవరకు తోడ్పడతాయి. వాటి కంటే నమ్మదగినది దూరం తగ్గించుకోవడం: బహిరంగ స్థలంలో మాట్లాడేవారికి మీకు మధ్య దూరం సగమైతే వారి గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరిగినట్లే.

సమయం మించిపోతోంది, మిగిలినవి వేగంగా చెబుతాను. రెండు చెవులలోనూ లోపం ఉంటే సాధారణంగా రెండింటికీ యంత్రాలు అవసరం. ధ్వని ఏ దిక్కు నుంచి వస్తోందో తెలిసేది రెండు చెవుల పోలికతోనే. జింక్-ఎయిర్ బ్యాటరీ అయితే, స్టిక్కర్ తీశాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి పెట్టండి. స్టిక్కర్ తిరిగి అంటించినా ఖర్చు ఆగదు. బ్యాటరీల పరిమాణాన్ని రంగు చెబుతుంది: 10 పసుపు, 312 గోధుమ, 13 నారింజ, 675 నీలం. ధ్వని ఉన్నట్టుండి తగ్గితే, యంత్రం పాడైందనుకునే ముందు గుబిలి అడ్డుకునే చిన్న ఫిల్టరును మార్చి చూడండి. రాత్రి తేమ పీల్చే డబ్బాలో ఉంచండి, స్నానానికి ముందు తీసేయండి.

"యంత్రం పెట్టుకోకపోతే మతిమరుపు వస్తుంది" అని భయపెట్టి అమ్మేవారున్నారు. వినికిడి లోపానికీ డిమెన్షియాకూ సంబంధం ఉందన్నది నిజమే. కానీ 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అచీవ్ అధ్యయనంలో, యంత్రాలు ఇచ్చినవారికీ ఇవ్వనివారికీ మధ్య మూడేళ్ళకు మొత్తం మీద తేడా కనిపించలేదు. జ్ఞాపకశక్తి క్షీణించే ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో మాత్రం ఆ క్షీణత నెమ్మదించింది. ఎదుటివారి మాట తేటగా అందడమే యంత్రం కొనడానికి చాలినంత కారణం, భయం అక్కరలేదు.

చివరగా, ఒక హెచ్చరిక. ఒక చెవిలో వినికిడి ఉన్నట్టుండి, గంటలలో గానీ రెండు మూడు రోజులలో గానీ పడిపోతే, దానిని యంత్రాల దుకాణానికి తీసుకువెళ్ళకండి. అది అత్యవసర పరిస్థితి. చికిత్స ఎంత త్వరగా మొదలైతే వినికిడి తిరిగి వచ్చే అవకాశం అంత మెరుగు కనుక, అదే రోజు చెవి, ముక్కు, గొంతు వైద్యులను కలవండి. చెవి నుంచి చీము లేదా రక్తం కారుతున్నా, తల తిరుగుతున్నా, ఒక చెవిలో మాత్రమే లోపం పెరుగుతున్నా యంత్రం కంటే ముందు వైద్య పరీక్ష జరగాలి.