ఉగాది ఏ రోజు? అత్తగారి తేదీనా, గుడి తేదీనా?

యాంకర్: నమస్కారం. విదేశాల్లో మన పండగల గురించి ఈ వారం మాట్లాడుకుంటున్నాం. సలహాలు ఇవ్వడానికి ఫ్యామిలీ కౌన్సిలర్ మేడమ్ స్టూడియోలోనే ఉన్నారు. మొదటి కాల్ అమెరికా నుంచి. హలో, చెప్పండి.

శ్రోత: హలో, నమస్తే అండి. డల్లాస్ నుంచి మాట్లాడుతున్నాను.

యాంకర్: అమ్మా, లైవ్ సౌండ్ కొంచెం తగ్గించండి, మీ మాట మీకే తిరిగి వస్తోంది. ఆ, ఇప్పుడు చెప్పండి.

శ్రోత: ప్రతి పండక్కీ ఇంట్లో ఇదే గొడవండి. మా అత్తగారు భీమవరంలో ఉంటారు. వాళ్లకి ఏ తేదీ అయితే మాకూ అదే అంటారు. ఇక్కడి గుళ్లో చాలాసార్లు ముందు రోజే చేస్తారు. మావారేమో ఏదైనా శనివారానికి జరుపుదాం అంటారు. 2025 ఉగాదికి ఇక్కడ మార్చి 29 అన్నారు, అక్కడ 30. శని, ఆదివారాలు కాబట్టి రెండు రోజులూ పచ్చడి కలిపాను. పిల్లలు రెండో రోజు గిన్నె ముట్టుకోలేదు.

కౌన్సిలర్: (నవ్వు) ఆరు రుచులు ఒకసారి చాలనుకున్నారు పాపం. ముందు తేదీ సంగతి చూద్దామమ్మా. ఉగాదికి సూర్యోదయం వేళ పాడ్యమి ఉందా అని చూస్తారు. తిథి ప్రపంచమంతా ఒకే క్షణంలో మారుతుంది, మారేది మన గడియారమే. ఆ ఏడాది అమావాస్య మన టైములో 29 సాయంత్రం సుమారు నాలుగున్నరకి వెళ్లింది. అంటే భీమవరంలో పాడ్యమితో తెల్లారింది 30న. అదే క్షణానికి మీకు 29 ఉదయం ఆరు గంటల వేళ. ఆ రోజుల్లో మీకు సూర్యోదయం ఏడు దాటాకే కదా? అప్పటికి పాడ్యమి వచ్చేసింది. అందుకే మీ ఉగాది 29. వినాయక చవితికి మధ్యాహ్నం, దీపావళికి సాయంత్రం తిథి చూస్తారు, వాటి లెక్క మళ్లీ వేరు.

శ్రోత: అంటే గుడివాళ్లు చెప్పిందే కరెక్టా?

కౌన్సిలర్: అక్కడ ఉన్నవాళ్లకి అక్కడి పంచాంగమే. ఇది మాత్రం మీరు చెప్పకండి, కోడలు పంచాంగం చెప్పిందంటారు. మీ ఆయన చేత చెప్పించండి. అయినా వినకపోతే ఆవిడ నమ్మే పంతులుగారినే అడగమనండి. ఒకటి అడుగుతాను. రెండు రోజులూ పచ్చడి కలిపిందెవరు?

శ్రోత: నేనేనండి. పులిహోర, బూరెలు కూడా.

కౌన్సిలర్: మరి మీ ఆయన?

శ్రోత: హారతి ఇస్తారు. స్మోక్ అలారం మోగితే దాని కింద టవల్ ఊపుతారు.

యాంకర్: (నవ్వు) అది కూడా పనేనండీ!

కౌన్సిలర్: పనే, కాదనను. కానీ భీమవరంలో మీ అత్తగారు ఒక్కరే ఇదంతా చెయ్యలేదమ్మా. తోడికోడలు పప్పు రుబ్బితే, పక్కింటావిడ మూకుడు దగ్గర కూర్చుంది. అంతమంది చేసిన వంటని ఉద్యోగం చేసుకుంటూ మీరొక్కరే చేస్తే పండగంటేనే టెన్షన్ పుడుతుంది. కాబట్టి తిథి రోజున తలంటు, దీపం, పచ్చడి, అంతే. ఆఫీసుకి వెళ్లేలోపు అయిపోతుంది. బూరెలూ, స్నేహితులూ శనివారానికి పెట్టుకోండి, ఎవరి వంటకం వాళ్లు తెస్తారు. మామిడికాయ తరగడం మీ ఆయనకి, ఎండు వేపపువ్వు పుల్లలు ఏరడం పిల్లలకి అప్పగించండి. వాళ్లు ఏరిన పువ్వు ఉంటే గిన్నె ముట్టుకుంటారు.

శ్రోత: అత్తగారికి మాత్రం వెలితిగానే ఉంటుందండి. ఫోన్‌లో ఏడుస్తారు.

కౌన్సిలర్: ఆవిడకీ ఒక పని ఇవ్వండి. ఉగాదికి మీకు ఉదయం ఏడంటే ఇక్కడ సాయంత్రం అయిదున్నర. వీడియో కాల్‌లో ఆవిడ చేత పంచాంగం చదివించండి. ఇంట్లో అందరి ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. మీ ఆయనకి వ్యయం ఎక్కువని వస్తే పిల్లలు ఏడాదంతా ఏడిపిస్తారు.

శ్రోత: ఇది బాగుందండి. థాంక్స్.

యాంకర్: తర్వాతి కాల్ కరీంనగర్ నుంచి.

శ్రోత: నమస్తే మేడమ్. మా బిడ్డ లండన్‌లో ఉంటది. అక్కడ బతుకమ్మ ఒక్క శనివారం, హాల్‌లో ఆడుతున్నారు. తంగేడు లేదు, గునుగు లేదు. షాపులో కొన్న చామంతులు పేరుస్తున్నారు. అది బతుకమ్మ అవుతదా?

కౌన్సిలర్: తొమ్మిది రోజుల పండగ కాబట్టి అందులో ఒక శనివారం తప్పకుండా వస్తుంది సార్. వేరే రోజుకి జరుపుకున్నారనే మాటే లేదు. ఇక పువ్వంటారా, మీ ఇంట్లో గునుగు ఇప్పుడు చెలకకి పోయి కోసుకొస్తున్నారా, మార్కెట్లో కొంటున్నారా?

శ్రోత: (నవ్వు) కొంటున్నం మేడమ్. రంగులద్దింది.

కౌన్సిలర్: మరి ఆ అమ్మాయిని చామంతికి తప్పుపట్టకండి. ఆ నేలలో ఆ కాలానికి దొరికే పువ్వు అది. నాకు నచ్చనిది ఇంకొకటుంది. చాలాచోట్ల ఇప్పుడు పాట స్పీకర్‌లో పెట్టేసి చుట్టూ తిరుగుతున్నారు, నోరు విప్పేవాళ్లే తక్కువ. వాళ్లమ్మకి బతుకమ్మ ఉయ్యాల పాటలు వచ్చా?

శ్రోత: మస్తు వస్తయి. పక్కనే ఉంది.

కౌన్సిలర్: ఆమె పాడితే రికార్డ్ చేసి పంపండి, ఒక్కో చరణం దగ్గర ఆగుతూ. బిడ్డ నేర్చుకుని అక్కడ పాడి చెప్తుంది.

శ్రోత: ఆగండి మేడమ్, ఫోన్ ఆమెకే ఇస్తున్న. ఎన్ని చరణాలని అడుగుతోంది.