పులసకు దూరపు చుట్టం

శ్రోతలకు నమస్కారం.

నా రాతబల్ల మీద అరచేయంత రాతిపలక ఒకటి ఉంది. పలక మీగడ రంగు. దాని నడుమ ముదురు గోధుమరంగులో వేలెడంత చేప శిలాజం. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు కిందటి సంక్రాంతికి తెచ్చి ఇచ్చాడు. మా ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, "ఎండుచేపకు ఇంత డబ్బు పోశాడా!" అని పెదవి విరిచింది. దాని వయసు దాదాపు 5 కోట్ల 20 లక్షల సంవత్సరాలని చెప్పాక కాస్త మెత్తబడింది.

దీని పేరు నైటియా. వయోమింగ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన విల్బర్ నైట్ పేరు మీద 1907లో డేవిడ్ స్టార్ జోర్డన్ అనే చేపల శాస్త్రవేత్త పెట్టిన పేరు. వంశం విచారిస్తే కవళ్లకు, పులసకు దూరపు చుట్టం. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న గోదావరి జిల్లాల వాళ్లు ఆ చుట్టరికంతోనైనా దీన్ని కాస్త మర్యాదగా చూస్తారని నా ఆశ.

దీని స్వస్థలం అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రం, కెమ్మరర్ అనే చిన్న ఊరి పరిసరాలు. ఇప్పుడు అక్కడ రెండు వేల మీటర్ల ఎత్తున చలిగాలి, ఎండు పొదలు. ఒకప్పుడు అక్కడే పెద్ద సరస్సు, ఒడ్డున తాటి జాతి చెట్లు, నీళ్లలో మొసళ్లు. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర పేరుకోవడం మనం రోజూ చూస్తాం. ఆ సరస్సు అడుగున కూడా అలాగే సున్నం సన్నటి పొరలుగా దిగేది. లోతు నీళ్లలో ప్రాణవాయువు లేకపోవడంతో చచ్చి మునిగిన చేపను పీక్కుతినే జీవులు అక్కడికి రాలేదు. శవం కదలలేదు, ఎముక చెదరలేదు. ఒక్కోసారి మంద మొత్తం చచ్చిపోయి, ఒకే పలక మీద వందల నైటియాలు కనిపిస్తాయి.

నన్ను బాగా ఆకట్టుకున్నది వాటిని వెతికే పద్ధతి. అక్కడి రాతిలో 18 అంగుళాల పొర అని ఒకటి ఉంది. మంచి చేపలకు అది పెట్టింది పేరు. అయితే చేప పైకి కనిపించదు, పలుచటి రాతిపొర కింద దాక్కుని ఉంటుంది. అందుకని క్వారీ పనివాళ్లు రాత్రిపూట దీపాన్ని నేలబారుగా పెట్టి చూస్తారు. వెన్నెముక ఉన్నచోట రాయి వెంట్రుకవాసి ఉబ్బి ఉంటుంది, దాని నీడ గీతలా పడుతుంది. గోడ నున్నగా వచ్చిందో లేదో చూడటానికి తాపీమేస్త్రీ దీపాన్ని పక్కనుంచి పట్టినట్టే. ఆ నీడ చుట్టూ రంపంతో కోసి, పలకను కొట్టుకు తీసుకెళ్లి, సూక్ష్మదర్శిని కింద సూదులతో గీకి ఎముకలను బయటపెడతారు. తొందరపడి సూది జారితే రెక్క ముల్లు పోయినట్టే.

నైటియాకు కొరత లేదు కాబట్టి చిన్నది అంత ఖరీదు ఉండదు. అదే సరస్సులో డిప్లోమిస్టస్ అనే పెద్ద చేప ఉండేది. నోట్లో నైటియా ఇరుక్కుని చచ్చిన డిప్లోమిస్టస్‌లు దొరికాయి. తిండియావ మరీ ఎక్కువైతే ఇంతే! సేకరించేవాళ్లకు అలాంటి పలకంటే మహా మోజు. మోజు ఉన్నచోట మోసం ఉంటుంది. వేర్వేరు చేపల ముక్కలు అతికించేవాళ్లున్నారు, లేని రెక్కలను కుంచెతో గీసేవాళ్లున్నారు. భూతద్దం పెట్టి చూస్తే అసలు ఎముకకు ఎత్తుపల్లాలు కనిపిస్తాయి, రంగు ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా ఉంటుంది. అంతా ఒకే రంగు, ఎక్కడా చిన్న పగులు లేదంటే నాకైతే అనుమానమే. గోళ్లరంగు తుడిచే ద్రవంలో దూది ముంచి, అమ్మేవాడి అనుమతితో ఒక మూల అద్దితే కొన్ని రంగులు ఊడి దూదికి అంటుకుంటాయి. చిన్న మరమ్మతు తప్పేమీ కాదు. దాచి అమ్మడమే తప్పు.

ఎక్కడ తవ్వారన్నదీ అడగాలి. ఆ పక్కనే 1972లో ఏర్పడిన ఫాసిల్ బ్యూట్ జాతీయ స్మారక ప్రాంతంలో మనం ఒక్క ముక్క ఏరుకున్నా నేరమే. ప్రైవేటు క్వారీల్లో మాత్రం రుసుము కట్టి, సుత్తి, ఉలి పట్టుకుని స్వయంగా తవ్వుకోవచ్చు. మా వాడు చేసింది అదే. తెచ్చినది ఒక్క చేప, అరచేతుల్లో బొబ్బలు నాలుగు.

చేప శిలాజాలకు అంత దూరం పోనక్కరలేదు. ప్రాణహిత ఒడ్డున కోటా అనే ఊరుంది. దాని పేరు మీదే కోటా శిలలు అంటారు, అవి తెలంగాణలోకీ విస్తరించాయి. వాటి సున్నపురాతిలో దొరికిన లెపిడోటిస్ చేపను 19వ శతాబ్దంలోనే వర్ణించారు. జురాసిక్ యుగం నాటిది, నైటియా కన్నా సుమారు మూడు రెట్లు పాతది. పెంకుల్లాంటి మందపాటి, మెరిసే పొలుసులు దాని ప్రత్యేకత. హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం కూడా ఆ శిలల్లోంచి వచ్చిందే.

నా నైటియా విషయానికొస్తే, భూతద్దం కింద దాని తోక కింది కొస లేదు. రాయి పగిలినప్పుడే పోయింది. దాన్ని రంగుతో పూరించాలన్న బుద్ధి ఎవరికీ పుట్టలేదు, అదే నా అదృష్టం. మా ఆవిడ ఇప్పుడు బల్ల తుడిచేటప్పుడు దాన్ని రెండు చేతులతో ఎత్తి పక్కన పెడుతోంది.

సెలవు.