వచ్చిపోయే కామెర్లు

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి ఆశా దీదీలు, మందుల షాపుల అన్నలు, ఏరు దాటి పాతపట్నం నుంచి వచ్చిన ఆర్ఎంపీలు ఇలా ఒకచోట కూర్చోవడం నాకెంతో ధైర్యంగా ఉంది. ఇవాళ చెప్పబోయే జబ్బును ముందుగా చూసేది మీరే. మా ఆసుపత్రికి వచ్చేసరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది.

కామెర్లు ముదిరితే ఎవరూ ఊరుకోరు. నా భయమంతా తగ్గిపోయిన కామెర్ల గురించే. కళ్ళు పచ్చబడతాయి, ఒళ్ళంతా దురద, మూత్రం ముదురు పసుపు, దొడ్డికి తెల్లగా సున్నం రంగులో వస్తుంది. ఒక్కోసారి చలిజ్వరం, కుడి డొక్కలో నొప్పి. పసరు తాగిస్తారు. కొన్నాళ్ళకు తగ్గుతుంది. ఆ తర్వాత మళ్ళీ వస్తుంది.

ఎక్కువమందికి ఇలా కావడానికి కారణం పిత్తనాళంలో, అంటే లివర్ నుంచి పైత్యరసాన్ని పేగులోకి చేర్చే గొట్టంలో, రాయే. అరుదుగా మాత్రం పిత్తనాళం లోపలి పొర మీద, కాలవలో నాచు పట్టినట్టు, మెత్తని కుచ్చుల గడ్డ పెరుగుతుంది. డాక్టర్లు దీన్ని ఐపీఎన్‌బీ అంటారు. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో దీనికి విడిగా చోటు దొరికింది. మొదట్లో అది క్యాన్సర్ కాదు, వదిలేస్తే కావచ్చు. కొన్ని గడ్డలు చిక్కటి జిగురు ఊరిస్తాయి. ఆ జిగురు ముద్ద అడ్డుపడితే కామెర్లు వస్తాయి, జారిపోతే తగ్గుతాయి. తగ్గించింది పసరు కాదు. గడ్డ ఎక్కడిదక్కడే ఉంటుంది.

స్కానింగ్ రిపోర్టులో ‘నాళం వెడల్పుగా ఉంది, రాయి కనబడలేదు’ అని ఉంటే, హమ్మయ్య అనుకుని కాగితం మడిచేస్తారు. దయచేసి మడవనివ్వకండి. రాయి లేనిది నాళం ఎందుకు ఉబ్బింది? ఆ ప్రశ్న పెద్ద డాక్టరును అడిగించండి. రాయి దొరికినా సరే, దాని పక్కనే ఈ గడ్డ ఉండొచ్చు.

తర్వాత సీటీ స్కాన్, ఎమ్మార్సీపీ అనే పిత్తనాళాలను చూపే ఎమ్మారై స్కాన్ తీస్తారు. ఎమ్మార్సీపీలో జిగురూ పైత్యరసమూ ఒకేలా తెల్లగా కనిపిస్తాయి కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోలేం. ఎండోస్కోపీలో నాళం ముఖద్వారం తెరుచుకుని జిగురు కారుతూ కనిపిస్తే అనుమానం బలపడుతుంది. సన్నని కెమెరా నాళంలోకే పంపి, పరీక్షకు గడ్డలోంచి ముక్క తీస్తారు. ముక్కలో క్యాన్సర్ లేదని వచ్చినా, లోతున లేదని హామీ కాదు. ఆపరేషన్‌లో తీసిన గడ్డను మొత్తంగా పరీక్షిస్తేనే తేలుతుంది. క్యాన్సర్ అనుమానంతో చేసే సీఏ 19-9 అనే రక్తపరీక్ష అంకె, క్యాన్సర్ లేకపోయినా కామెర్లలో పెరుగుతుంది, ఆ అంకె చూసి ఇంటిల్లిపాదీ ఏడవక్కర్లేదు.

ఆడవాళ్ళ విషయం ఒకటి చెప్పాలి. లివర్‌లో నీటితిత్తి చాలామందికి ఉంటుంది, హాని లేదు. కానీ నడివయసు స్త్రీకి తిత్తి లోపల గోడల్లాంటి అడ్డుపొరలు కనిపిస్తే, అది క్యాన్సర్‌కు దారితీసే జిగురుతిత్తి కావచ్చు. సూదితో నీరు లాగిస్తే మళ్ళీ నిండుతుంది. దాన్ని పూర్తిగా కోసి తీయాల్సిందే.

మన రోగులు ఓసారి బరంపురం, ఓసారి శ్రీకాకుళం, ఇంకోసారి విశాఖ వెళ్తారు. పాత స్కాన్ ఇంట్లోనే ఉండిపోతుంది. నాళం కిందటేటి కన్నా ఉబ్బిందా లేదా అన్నది పోల్చి చూస్తేనే తెలుస్తుంది. రిపోర్టు కాగితంతో పాటు ఫిల్మో సీడీయో సంచిలో పెట్టి పంపండి. కామెర్లు ఏ నెలలో వచ్చాయో, ఎన్నాళ్ళున్నాయో, జ్వరం వచ్చిందో లేదో చీటీ రాసివ్వండి. ఒడియాలో రాసినా, తెలుగులో రాసినా చదివించుకుంటాం.