నారింజ రంగు చొక్కా

శ్రోతలకు నమస్కారం. ఈ కొద్ది నిమిషాలలో ఎవుస్కల్తెల్-ఎవుస్కాదీ అనే ఒక సైకిల్ పందెపు జట్టు గురించి, ముఖ్యంగా ఆ జట్టు తొడుక్కున్న చొక్కా గురించి చెబుతాను.

స్పెయిన్, ఫ్రాన్స్ దేశాల సరిహద్దులో, పిరనీస్ పర్వతాల పడమటి కొసన, బాస్క్ ప్రజల నేల ఉంది. వారి భాష పేరు ఎవుస్కరా. ప్రపంచంలో మరే భాషతోనూ దానికి చుట్టరికం ఉన్నట్టు ఇంతవరకు తేలలేదు. తమ నేలను వారు ‘ఎవుస్కల్ హెర్రియా’ అంటారు, అంటే బాస్క్ భాష మాట్లాడేవారి దేశం అని. భాషను బట్టి రాష్ట్రాన్ని సాధించుకున్న మనకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. కొండలు నిండిన ఆ నేల మీద సైకిల్ అంటే ప్రాణం. ఎయిబార్ పట్టణంలో 1840లో తుపాకుల తయారీతో మొదలైన ఓర్బెయా సంస్థ కూడా తరవాతి కాలంలో సైకిళ్లకు మళ్లింది. మన కథలోని జట్టు తొక్కినవి ఆ సైకిళ్లే.

జట్టు 1994లో పుట్టింది. మిగెల్ మదారియాగా అనే పెద్దమనిషి పూనుకుని, అభిమానుల దగ్గర సభ్యత్వ చందాలు పోగుచేసి, ఒక ఫౌండేషన్ ఆధ్వర్యంలో దానిని నిలబెట్టాడు. 1998 నుంచి అక్కడి టెలిఫోన్ సంస్థ ఎవుస్కల్తెల్ తోడు రావడంతో జట్టు పేరు ఎవుస్కల్తెల్-ఎవుస్కాదీ అయింది, చొక్కా నారింజ రంగుకు మారింది. బాస్క్ జెండాలో ఉన్నవి ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు మాత్రమే. నారింజ ఆ సంస్థ రంగు. ఒక వ్యాపార సంస్థ రంగును జనం తమ రంగుగా ఎలా చేసుకున్నారో తెలియాలంటే ఒక్క ఆదివారం గురించి చెప్పాలి.

అది 2001 జూలై 22. ఫ్రాన్స్‌లో ఏటా అంచెలంచెలుగా మూడు వారాలు సాగే పెద్ద సైకిల్ పందెం టూర్ డి ఫ్రాన్స్‌లో పాల్గొనే పిలుపు ఆ జట్టుకు రావడం ఆ ఏడే మొదటిసారి. ఆ రోజు 14వ అంచె. తూర్మలే కనుమ దాటాక, 1,715 మీటర్ల ఎత్తున ఉన్న లూజ్ ఆర్దిదెన్ దగ్గర పందెం ముగుస్తుంది. కింది లోయ నుంచి పైకి సుమారు 13 కిలోమీటర్ల మెలికల దారి, ఎక్కడా ఊపిరి తీసుకోనివ్వని ఎగుడు. ఆ కొండ ఫ్రాన్స్‌లోదే అయినా బాస్క్ ఊళ్లకు కొన్ని గంటల ప్రయాణం. సరిహద్దు దాటి వచ్చిన జనం దారికి రెండు పక్కలా నారింజ చొక్కాలతో నిలబడ్డారు. సైకిల్ దగ్గరికి వచ్చేదాకా దారి వదలరు, వచ్చాక మూరెడు సందు ఇస్తారు, ‘ఆవుపా! ఆవుపా!’ అని, అంటే ‘పద, పద’ అని హుషారు చేస్తూ, చెవి పక్కనే అరుస్తారు. ఆ సందులోంచి ఒంటరిగా పైకి వచ్చినవాడు రొబెర్తో లయ్‌సేకా. వయసు 32 ఏళ్లు, పుట్టింది గెర్నికాలో. 1937 ఏప్రిల్‌లో జర్మన్, ఇటాలియన్ విమానాలు బాంబులతో నేలమట్టం చేసిన గెర్నికా అదే. ఆ ఊరి బిడ్డ ఆ రోజు, ఆ జనం నడుమ, అందరికన్నా ముందు గీత దాటాడు. టూర్‌లో ఆ జట్టుకు అదే మొదటి గెలుపు. నా దృష్టిలో నారింజ రంగు బాస్క్ ప్రజల సొంతమైనది ఆ సాయంత్రమే.

పదేళ్లకు, 2011 జూలై 14న, అదే లూజ్ ఆర్దిదెన్ మీద, అదే నారింజ చొక్కాలో సామ్యుయెల్ సాంచెస్ గెలిచాడు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం తెచ్చిన సాంచెస్ బాస్క్ నేల మీద పుట్టినవాడు కాదు, అస్తూరియాస్ ప్రాంతపు ఒవియేదో నగరం వాడు. అయితే కుర్రవాడిగా బాస్క్ జట్లలోనే పందేలు నేర్చుకున్నాడు. అక్కడ పుట్టినవాడు, లేదా అక్కడ సైకిల్ పందెం నేర్చినవాడు: జట్టు పాటించిన నియమం ఇదే. నాకు ఆ రెండవ సగం ఎక్కువ ఇష్టం, ఎందుకంటే అందులో పుట్టుకతో పాటు పెంపకానికీ చోటుంది.

ఆ నియమానికి గడ్డు రోజులు వచ్చాయి. అగ్రశ్రేణిలో నిలవాలంటే ర్యాంకింగ్ పాయింట్లు కావాలి. వాటి కోసం 2013లో స్లొవేనియా, గ్రీస్, జర్మనీ, మొరాకో వంటి దేశాల సైక్లిస్టులను తీసుకోవలసి వచ్చింది. ఆ ఏడాది చివరికి డబ్బు చాలక జట్టు మూతపడింది. ఫార్ములా వన్ డ్రైవర్ ఫెర్నాందో అలోన్సో కొంటాడన్న ఆశ కూడా సెప్టెంబరులో చెదిరిపోయింది.

శ్రోతలు ఒక్క సంగతి గమనించాలని నా కోరిక. మూతపడింది పెద్ద పందేలు ఆడే పైస్థాయి జట్టు. చందాలతో మొదలైన ఫౌండేషన్ మాత్రం కుర్రవాళ్లకు పందెం నేర్పే పని వదలలేదు. వేళ్లు అక్కడ ఉన్నాయి. 2017లో ఆ ఫౌండేషన్ కూడా కష్టాలలో పడినప్పుడు అధ్యక్ష బాధ్యతను భుజాన వేసుకున్నది మికెల్ లాండా. నారింజ చొక్కాలోనే పెద్ద పందేలలో అడుగుపెట్టి, జట్టు మూతపడ్డాక వేరే జట్లకు వెళ్లిన బాస్క్ కుర్రవాడు అతను. ఆ జూలైలోనే, మరో జట్టు తరఫున, టూర్‌లో ఒక్క సెకను తేడాతో మూడవ స్థానం పోగొట్టుకున్నాడు. అలా వేరే వారి చొక్కా తొడుక్కుని పందేలు ఆడుతూనే, తన ఊళ్ల కుర్రవాళ్ల జట్టును కాచుకున్నాడు. 2020లో ఎవుస్కల్తెల్ తిరిగి వచ్చింది, చొక్కా మళ్లీ నారింజ రంగుకు మారింది.